షో 6 వారాల్లో ఉంది, చేతిలో పోస్టర్ తప్ప ఏమీ లేదు. ఆల్ట్-కంట్రీ బ్యాండ్ 150 మంది హాల్ నింపాలంటే?

#1 తీగల_పెట్టె
ఐదుగురం, ఆల్ట్-కంట్రీ (రాక్ కలిసిన అమెరికన్ కంట్రీ సంగీతం) వాయిస్తాం. అకూస్టిక్ గిటార్, టెలికాస్టర్ (ఎలక్ట్రిక్ గిటార్), పెడల్ స్టీల్ (పడుకోబెట్టి, పెడళ్లతో తీగల శృతి మారుస్తూ వాయించే గిటార్), బేస్, డ్రమ్స్. పాడేవాళ్లు ముగ్గురు. లేబుల్ లేదు, మేనేజర్ లేడు. 150 మంది నిలబడి చూసే హాల్, శుక్రవారం రాత్రి, సరిగ్గా 6 వారాల టైమ్ ఉంది. టికెట్ లింక్ తెరిచి పది రోజులైంది, 11 పోయాయి. ఇప్పటిదాకా చేసిందల్లా ఒక పోస్టర్ తయారు చేసి దాన్నే ఇన్‌స్టాలో మూడుసార్లు పెట్టడం. లైకులు బాగానే వస్తున్నాయి, టికెట్లే కదలట్లేదు. పోస్టర్ మీద బ్యాండ్ పేరు కింద "ఆల్టర్నేటివ్ కంట్రీ" అని ఉంది, గోధుమరంగు క్రాఫ్ట్ పేపర్ లుక్, పాత చెక్క అచ్చు అక్షరాలు. ఏ వారం ఏం చేయాలి, ఎక్కడ తప్పు చేస్తున్నాం? యాడ్స్‌కి డబ్బు పెట్టడం ఆఖరి మాటగా ఉంచుకున్నాం.

#2 తలుపు_దగ్గర
11 చూసి కంగారు పడకండి. నిలబడే హాళ్లలో చిన్న బ్యాండ్ల టికెట్లు చాలామటుకు చివరి వారంలోనే పోతాయి. ఇప్పుడు చూడాల్సిన లెక్క వేరే ఉంది. లింక్ ఎంతమంది నొక్కారు, అందులో ఎంతమంది కొన్నారు? అసలు నొక్కడమే లేదంటే లోపం పోస్టులో ఉంది. నొక్కి వెనక్కి వెళ్లిపోతున్నారంటే లోపం టికెట్ పేజీలో ఉంది. ఈ రెండిటికీ మందు ఒకటి కాదు.

#3 తీగల_పెట్టె
@తలుపు_దగ్గర ఇప్పుడే చూశాను. 240 మంది నొక్కారు, 11 మంది కొన్నారు.

#4 తలుపు_దగ్గర
అయితే పేజీ చూడాలి. మీ పేజీలో "రాత్రి 7:30" అని ఒక్క టైమే ఉందా? అది తలుపులు తీసే టైమా, మీరు స్టేజ్ ఎక్కే టైమా? చాలామంది ఆగిపోయేది అక్కడే. మర్నాడు పని ఉన్నవాడికి ఎన్నింటికి అయిపోతుందో తెలియాలి. ఇలా రాయండి: తలుపులు 7:30, మొదటి బ్యాండ్ 8:15, మీరు 9:10, ముగింపు 10:30. నిలబడాలా కూర్చోవచ్చా, వయసు పరిమితి ఉందా, తలుపు దగ్గర టికెట్ దొరుకుతుందా, దొరికితే ధర అదేనా, ఇవన్నీ పేజీ పైభాగంలోనే కనిపించాలి. ఇంకొకటి, బ్యాండ్ ఎలా వినిపిస్తుందో తెలిసే పాట ఆ పేజీలో ఉందా? పోస్టర్ బొమ్మ ఒక్కటే ఉంటే ముక్కూమొహం తెలియని బ్యాండ్‌కి ఎవరూ డబ్బు కట్టరు.

#5 పాత_రికార్డులు
పోస్టర్ మీంచి "ఆల్టర్నేటివ్ కంట్రీ" తీసేయండి. ఆ మాట చదివినవాడి చెవికి ఏమీ వినపడదు. కంట్రీ అంటే ఒకరికి టోపీ, బూట్లు గుర్తొస్తాయి, ఇంకొకరికి రేడియో హిట్లు. ఆల్టర్నేటివ్ అనగానే గిటార్ గరగర (డిస్టార్షన్). ఈ పేరుతో తంటా మొదట్నుంచీ ఉన్నదే. ఇల్లినాయ్‌లోని బెల్‌విల్ కుర్రాళ్లు అంకుల్ టుపెలో అనే బ్యాండ్‌గా 1990లో "నో డిప్రెషన్" అనే తొలి ఆల్బమ్ తెచ్చారు. దాని పేరే పెట్టుకుని ఆన్‌లైన్‌లో ఒక చర్చా బృందం పుట్టింది, 1995లో నో డిప్రెషన్ పత్రికా వచ్చింది. ఆ పత్రికే తన మీద "ఆల్టర్నేటివ్ కంట్రీ" అని వేసుకుని, పక్కన బ్రాకెట్లో "అదేమిటో గానీ" అనే అర్థంలో ఒక మాట చేర్చుకునేది. ఆ సంగీతానికే అంకితమైన పత్రిక పరిస్థితే అది. దారిన పోయేవాడికి మీ పోస్టర్ ఏం చెబుతుంది?

పేరు బదులు వినబోయేది రాయండి. "పెడల్ స్టీల్, మూడు గొంతులు, గట్టి గిటార్లు" అంటే చాలు.

#6 పెడల్‌స్టీల్_పక్షి
@పాత_రికార్డులు పోస్టర్ వరకూ ఒప్పుకుంటాను. కానీ ఈవెంట్ లిస్టింగుల్లోంచి తీస్తే నష్టమే. ఈ సంగీతం వినేవాళ్లు వెతికేది ఆ మాటతోనే. లిస్టింగ్ ట్యాగుల్లో ఆల్ట్-కంట్రీ, అమెరికానా (కంట్రీ, ఫోక్, బ్లూస్ కలిసిన అమెరికన్ సంగీతం) రెండూ పెట్టండి. అమెరికానా ఆల్బమ్‌కి 2010 నుంచి విడిగా గ్రామీ ఇస్తున్నారు కాబట్టి ఆ పేరుతో వెతికేవాళ్లూ ఉంటారు. గోడ మీద వర్ణన, వెతుకుడు పెట్టెలో జానర్ పేరు.

"ఫలానా వాళ్లు నచ్చితే మేమూ నచ్చుతాం" అన్న లైన్ వేస్తే రెండు పేర్లతో ఆపండి. విల్కో, సన్ వోల్ట్, జేహాక్స్, విస్కీటౌన్ అని వరసగా పేర్చితే ఎవరిలా ఉంటారో తేలదు. సన్ వోల్ట్‌కీ విల్కోకీ అంకుల్ టుపెలోనే మూలం, అయినా ఈ రోజు ఆ రెండిటి శబ్దానికి పొంతన లేదు.

#7 కాపో_రెండో_మెట్టు
ఒక్క పోస్టర్‌ని మూడుసార్లు పెట్టడమే అసలు తప్పు. పోస్టర్ తేదీ చెబుతుంది, పాట చెప్పదు. 20 నుంచి 30 సెకన్ల లైవ్ క్లిప్ కావాలి.

#8 పెడల్‌స్టీల్_పక్షి
@కాపో_రెండో_మెట్టు నూటికి నూరుపాళ్లు. మీ దగ్గర పెడల్ స్టీల్ ఉంది, దాన్ని దాచుకోకండి. చాలామంది ఆ ధ్వని విన్నారు గానీ అది ఎలా పుడుతుందో చూసి ఉండరు. కెమెరా మోకాలి ఎత్తులో పెట్టండి. స్టీల్‌ని సాధారణంగా కట్టే ఈ9 శృతిలో ఏ, బీ పెడళ్లు రెండూ కలిపి తొక్కితే ఐదో తీగ బీ నుంచి సీ షార్ప్‌కి, మూడో తీగా ఆరో తీగా జీ షార్ప్ నుంచి ఏకి ఎక్కుతాయి. తీగల మీద జరిపే చేతిలోని ఉక్కు కడ్డీ అంగుళం కూడా జరగదు, ఈ కార్డ్ కాస్తా ఏ కార్డ్ అయి కూర్చుంటుంది. పాదం దిగుతుండగా తీగ సాగే ఆ అర సెకను కంటికీ చెవికీ ఒకేసారి అందాలి. క్లిప్ సరిగ్గా అక్కడ మొదలుకావాలి. నాలుగు ఆవర్తనాల ఇంట్రో వాయించి తర్వాత స్టీల్ వస్తే ఈలోపే వేలు పైకి జరిపేస్తారు. రెండో సెకనుకల్లా స్టీల్, ఐదో సెకనుకల్లా గొంతు.

#9 వయొలిన్_వంపు
మోకాలి మీటలు కూడా ఫ్రేమ్‌లో పడేలా చూడండి. కుడి పాదం వాల్యూమ్ పెడల్ మీద ఉంటుంది కదా, అది కూడా కనిపిస్తే ఇంకా బాగుంటుంది. మీటి, దెబ్బ అణిగాక పాదంతో శబ్దాన్ని పైకి తేవడం వల్ల కూడా ఆ ఏడుపు వస్తుంది.

#10 కన్సోల్_వెనక
క్లిప్ అనగానే ఫోన్ తీసి స్టాండ్ మీద పెట్టకండి. ఆడియో చెడితే ఎంత బాగా వాయించినా వృథా. సాధారణంగా చెడేది రెండు చోట్ల.

ఒకటి, ఫోన్ మైక్. దానిలో ఆటో లెవెల్ ఉంటుంది. స్నేర్ డ్రమ్ మీద దెబ్బ పడ్డ ప్రతిసారీ మొత్తం శబ్దం కుంగి మళ్లీ లేస్తుంది, పాట ఊపిరాడనట్టు వినిపిస్తుంది.

రెండు, మిక్సర్ నుంచి తీసుకున్న ఫీడ్. అది శుభ్రంగా ఉంటుందని అందరూ దాన్నే నమ్ముకుంటారు. చిన్న హాల్లో డ్రమ్స్, గిటార్ ఆంప్ స్టేజ్ మీంచే గట్టిగా వినిపిస్తాయి కాబట్టి ఇంజినీర్ వాటిని స్పీకర్లలోకి దాదాపు పంపడు. అందుకని ఫీడ్ నిండా గొంతులూ అకూస్టిక్ గిటారూ ఉంటాయి, డ్రమ్స్ పక్కవీధిలో మోగుతున్నట్టు ఉంటాయి. బ్యాండ్ అంతా నీరసంగా పాడుతోందనిపిస్తుంది.

రెండూ కలపాలి. మిక్సర్ ఫీడ్ ఒక ట్రాక్, హాల్లో చిన్న స్టీరియో రికార్డర్ ఇంకో ట్రాక్. రికార్డర్ స్టేజ్‌కి 10 మీటర్ల దూరంలో ఉంటే శబ్దం దాదాపు 29 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. అలాగే కలిపితే ప్రతి స్నేర్ రెండుసార్లు కొట్టినట్టు ఉంటుంది. పాటకి ముందు మైక్ దగ్గర ఒక్క చప్పట కొట్టండి, రెండు ట్రాకుల్లో ఆ గీత చూసి జరపండి. వీడియోకి కూడా అదే గుర్తు. మొదట ఫీడ్ 60, హాల్ 40 పాళ్లుగా పెట్టి చెవితో సరిచేసుకోండి. ఎగుమతి చేసేటప్పుడు సగటు గట్టితనం మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (గట్టితనం కొలత) దగ్గర, అన్నిటికంటే ఎత్తైన శిఖరం (ట్రూ పీక్) మైనస్ 1 డెసిబెల్ (డీబీ) దాటకుండా.

తర్వాత హెడ్‌ఫోన్ తీసేసి ఫోన్ స్పీకర్‌లోనే వినండి. బేస్ కింది ఈ తీగ 41 హెర్ట్జ్, ఫోన్ స్పీకర్‌లో ఆ స్వరం పుట్టదు. వేలు తీగని మీటే చప్పుడు 700 నుంచి 1000 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. అక్కడ 2, 3 డీబీ పెంచితే బేస్ ఉన్నట్టు చెవి నమ్ముతుంది.

#11 తీగల_పెట్టె
@కన్సోల్_వెనక రిహార్సల్ గదిలో తీస్తే సరిపోతుందా, ఇంకో షో దాకా ఆగాలా? మిక్సర్ చిన్నది, గొంతులు మాత్రమే వెళతాయి.

#12 కన్సోల్_వెనక
ఆగొద్దు, గదిలోనే తీయండి. గొంతుల ఫీడ్ ఒకటి, గది మధ్యలో రికార్డర్ ఒకటి, అదే పద్ధతి. స్టీల్ ఆంప్ నేల మీంచి లేపి కుర్చీ మీద పెట్టండి, డ్రమ్మర్ సగం బలంతో వాయిస్తే చాలు. ఎల్‌ఈడీ లైట్ల కింద వీడియోలో నల్ల చారలు పాకితే షట్టర్‌ని సెకనులో 50వ వంతుకో 60వ వంతుకో బిగించండి, మీ కరెంటు 50 హెర్ట్జా 60 హెర్ట్జా అన్నదాన్ని బట్టి.

#13 కాపో_రెండో_మెట్టు
నిలువు ఫ్రేమ్, 1080 బై 1920. తేదీ, హాల్ పేరు వీడియో మీదే రాయండి, కానీ మధ్యలో. కింది భాగం మీద క్యాప్షన్, కుడివైపు బటన్లు కూర్చుంటాయి. అక్కడ రాసిన తేదీ ఎవరికీ కనపడదు. పోస్ట్‌ని హాల్ ఖాతాతో, మొదటి బ్యాండ్ ఖాతాతో కొలాబ్‌గా (ఉమ్మడి పోస్ట్‌గా) పెట్టండి. ఒక్క పోస్ట్ మూడు ఖాతాల్లో కనిపిస్తుంది, లైకులూ వ్యాఖ్యలూ చీలిపోవు.

#14 నల్లసిరా
పోస్టర్ రంగుల గురించి, అచ్చు గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి చెబుతున్నా. క్రాఫ్ట్ పేపర్ లుక్ అందంగానే ఉంటుంది, ఈ సంగీతానికి నప్పుతుంది కూడా. చిక్కల్లా గోధుమ మీద ముదురు గోధుమ వేయడం. తెర వెలుగులో బాగానే ఉంటుంది, గోడ మీద సాయంత్రం నీడలో చూస్తే తేదీ మాయం. బొమ్మని బ్లాక్ అండ్ వైట్‌గా మార్చి చూడండి. అప్పుడు తేదీ చదవడానికి కళ్లు చికిలించాల్సి వస్తే రంగు మార్చాలి. తేదీని నల్ల సిరాలో వేయండి.

ఏ3 అయితే 297 బై 420 మిల్లీమీటర్లు, 300 డీపీఐ దగ్గర 3508 బై 4961 పిక్సెళ్లు. చుట్టూ 3 మి.మీ. బ్లీడ్ (కత్తిరింపులో పోయే అదనపు అంచు) వదలండి, లేకపోతే కత్తిరించినప్పుడు అంచున తెల్ల గీత వస్తుంది. ఇన్‌స్టా కోసం చేసిన 1080 పిక్సెళ్ల బొమ్మని సాగదీసి ప్రింట్‌కి ఇవ్వడం అన్నిటికంటే ఎక్కువగా జరిగే తప్పు, చెక్క అచ్చు అక్షరాల అంచులు మెట్లుమెట్లుగా వస్తాయి. నలుపు అక్షరాలు సీఎంవైకేలో (అచ్చు వేసే నాలుగు రంగుల పద్ధతి) 100 శాతం కే, అంటే నల్ల సిరా, మాత్రమే ఉండాలి. నాలుగు రంగులూ కలిపిన నలుపు అయితే అచ్చు అర మిల్లీమీటరు జరిగినా చిన్న అక్షరాల చుట్టూ రంగు నీడ పడుతుంది.

క్యూఆర్ కోడ్: స్కాన్ చేసే దూరంలో పదో వంతు వెడల్పు. చేతికందే గోడకి 3 నుంచి 4 సెం.మీ. చాలు, మీటరు దూరం నుంచి చదవాలంటే 10 సెం.మీ. చుట్టూ 4 గళ్ల మేర ఖాళీ వదలాలి. క్రాఫ్ట్ రంగు మీద నేరుగా వేయకుండా కింద తెల్ల చతురస్రం పెట్టండి. టికెట్ కంపెనీ లింక్‌ని నేరుగా కోడ్‌లో ఎక్కించవద్దు. మీ సొంత వెబ్‌సైట్‌లో చిన్న చిరునామా పెట్టి అక్కడ్నుంచి దారి మళ్లించండి. రేపు టికెట్ లింక్ మారినా గోడ మీది పోస్టర్లు పనికొస్తాయి. చిరునామా చిన్నదైతే గళ్లు తగ్గి పెద్దవవుతాయి, మసక వెలుగులోనూ ఫోన్ పట్టుకుంటుంది.

#15 పాత_రికార్డులు
పోస్టర్ ఎక్కడ అంటించాలన్నది కూడా ముఖ్యమే. రికార్డు షాపులు, గిటార్ మరమ్మతు చేసేచోట్లు, ఆ హాల్ టాయిలెట్ తలుపుల లోపలివైపు. చివరి చోటు గురించి నవ్వులాట కాదు, నిలబడి చదివే తీరిక మనిషికి ఉండేది అక్కడే.

#16 నల్లసిరా
@పాత_రికార్డులు నిజమే, అక్కడ 4 సెం.మీ. కోడ్ హాయిగా చదువుతుంది.

#17 వయొలిన్_వంపు
రేడియో, పత్రికల సంగతి ఈ వారమే మొదలుపెట్టాలి. 6 వారాలంటే ఇప్పటికే అంచున ఉన్నారు. పత్రికల వాళ్లకి రాసే మెయిల్‌లో అటాచ్‌మెంట్లు వద్దు. మొదటి రెండు లైన్లలో ఎవరు, ఎప్పుడు, ఎక్కడ. మూడో లైన్‌లో ఈ షో ఎందుకు వార్త, అంటే కొత్త పాటలా, కొత్త రికార్డా, ఇంకో బ్యాండ్‌తో కలిసి వాయిస్తున్నారా. కింద ఒకే లింక్, దానిలో ఒక అడ్డం ఫొటో, ఒక నిలువు ఫొటో. రెండూ 300 డీపీఐ, మీద అక్షరాలేవీ లేకుండా, ఫైల్ పేరులోనే బ్యాండ్ పేరూ ఫొటో తీసినవాళ్ల పేరూ. పోస్టర్‌ని ఫొటో అని పంపితే ఏ పత్రికా వేసుకోదు.

రేడియోకి ఎంపీ3 కాకుండా వేవ్ ఫైల్, 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్. బూతులుంటే శుభ్రమైన వెర్షన్. స్టేషన్ మొత్తానికి ఒకే మెయిల్ కొట్టొద్దు, రూట్స్ సంగీతం (కంట్రీ, ఫోక్ లాంటివి) వేసే కార్యక్రమం ఏదో చూసి దాని నిర్వాహకులకే రాయండి. శ్రోతలకి పంచడానికి రెండు జతల టికెట్లు ఇస్తామనండి. టికెట్లు పంచేటప్పుడు షో తేదీ, హాల్ పేరు గాలిలో నాలుగైదుసార్లు వినిపిస్తాయి.

#18 తలుపు_దగ్గర
@వయొలిన్_వంపు ఆ నాలుగు టికెట్లనీ 150లోంచి ముందే తీసేయమని హాల్‌కి చెప్పండి. ఐదుగురికి తలా రెండు గెస్టులంటే ఇంకో 10. మొదటి బ్యాండ్‌కి 6 నుంచి 8. ఉచితంగా వచ్చేవాళ్లూ సామర్థ్యం లెక్కలోకే వస్తారు. రాసి పెట్టుకోకపోతే షో రోజు తలుపు దగ్గర గొడవ తప్పదు.

మొదటి బ్యాండ్ ఎవరో తేలిందా?

#19 తీగల_పెట్టె
లేదు. మాలాగే వాయించే బ్యాండ్ ఒకటి, ఒక్కతే గిటార్ పట్టుకుని పాడే అమ్మాయి ఒకరు, ఇద్దరిలో ఎవరన్నది తేలక ఆగాం.

#20 తలుపు_దగ్గర
మీలాంటి బ్యాండ్ వాళ్ల శ్రోతలూ మీ శ్రోతలూ ఒకరే అయితే కొత్తగా వచ్చేవాళ్లుండరు. పాడే అమ్మాయికి సొంత జనం ఉంటే ఆమె మేలు. పైగా స్టేజ్ మీద మార్చేది ఒక మైక్, ఒక డీఐ (వాయిద్యాన్ని నేరుగా మిక్సర్‌కి కలిపే పెట్టె) మాత్రమే, బ్యాండ్ల మధ్య 20 నిమిషాల చేంజోవర్ 10కి దిగుతుంది. ఎవరైనా సరే, అడిగేటప్పుడే మాట తీసుకోండి: వాళ్ల పేరు చేర్చిన ప్రకటన అందరూ ఒకే రోజు, ఒకే గంటకి. ఆ వారంలో అదే ఊళ్లో వాళ్లకి ఇంకో షో ఉండకూడదు. మీ హాల్ ఒప్పందంలో కూడా ఇన్ని రోజుల్లో ఇంత దూరంలో వాయించకూడదన్న షరతు ఉందేమో చదవండి. తెలియక మధ్యలో చిన్న షో ఒప్పుకుని చిక్కుల్లో పడతారు.

#21 కాపో_రెండో_మెట్టు
ఇదంతా బాగుంది గానీ టికెట్లు అమ్మేది మెయిలింగ్ లిస్ట్. బ్యాండ్‌క్యాంప్‌లో (బ్యాండ్లు పాటలు అమ్ముకునే సైట్) పాటలు కొన్నవాళ్ల మెయిళ్లు మీ దగ్గరే ఉంటాయి, ఆ జాబితా దించుకోండి. ఉచిత జీమెయిల్ చిరునామాని పంపేవాళ్ల పేరుగా పెట్టి మెయిలింగ్ సర్వీసు ద్వారా పంపితే స్పామ్‌లో పడుతుంది. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ నియమాలు బిగించాయి. సొంత డొమైన్ చిరునామా, దానికి ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ (మెయిల్ నిజంగా మీదేనని రుజువు చేసే సెట్టింగులు) మూడూ పెట్టుకోండి, గంట పని. మెయిల్ 102 కేబీ దాటితే జీమెయిల్ కింది భాగం కత్తిరిస్తుంది, టికెట్ లింక్ అక్కడుంటే అంతే సంగతులు. లింక్ పైనే ఒకసారి ఇవ్వండి.

మూడు మెయిళ్లు చాలు. ప్రకటన రోజు ఒకటి, 2 వారాల ముందు క్లిప్‌తో ఒకటి, షోకి ముందు రోజు టైమ్‌లతో ఒకటి. మూడోది నాలుగు లైన్లు దాటకూడదు.

#22 పాత_రికార్డులు
@కాపో_రెండో_మెట్టు మెయిల్ అమ్మేది మిమ్మల్ని ముందే ఎరిగినవాళ్లకి. వాళ్లు ఎలాగూ వస్తారు. 150 నిండాలంటే తెలియనివాళ్లు రావాలి, దానికి క్లిప్‌ని యాడ్‌గా నడపక తప్పదు.

#23 కాపో_రెండో_మెట్టు
ఎలాగూ వస్తారన్నది భ్రమ అన్నా. నచ్చే బ్యాండ్ షో జరిగిందని మర్నాడు తెలిసి బాధపడేవాళ్లు బోలెడుమంది. యాడ్స్ వద్దనను, క్లిప్ లేకుండా వద్దంటాను.

#24 తలుపు_దగ్గర
ఇద్దరూ చెప్పింది కలుస్తుంది. మొదటి 4 వారాలు డబ్బు పెట్టకండి. క్లిప్పులు రెండు మామూలుగా పెట్టి, ఏదాన్ని జనం చివరిదాకా చూశారో చూడండి. ఆ ఒక్కదానికే చివరి 10 రోజులు డబ్బు పెట్టండి. పోస్ట్ కింద కనిపించే బూస్ట్ బటన్ నొక్కొద్దు, అది చాలామటుకు లైకులే తెస్తుంది, మీకు వాటి కొరత లేదు. ఇన్‌స్టా యాడ్స్ మేనేజర్‌లోకి వెళ్లి టికెట్ పేజీకి పంపే లక్ష్యం ఎంచుకోండి, హాల్ చుట్టూ జనం నిజంగా ప్రయాణం చేసి రాగలిగేంత దూరమే గీయండి. షో ఉన్న రోజు సాయంత్రం 6కి ఆపేయండి.

#25 పెడల్‌స్టీల్_పక్షి
ఇంకొకటి, స్పాటిఫైలో షో తేదీ మీరు టైప్ చేస్తే రాదు, అది టికెట్ భాగస్వాముల నుంచి దానంతటదే వస్తుంది. ఒకే పేరుతో ఇంకో బ్యాండ్ ఉంటే తేదీ వాళ్ల పేజీకి పోతుంది. ఇవాళే తెరిచి చూసుకోండి. టైమ్ జోన్ కూడా, లిస్టింగుల్లో 7:30 కాస్తా ఇంకేదో అయి కూర్చుంటుంది.

#26 కన్సోల్_వెనక
ప్రచారం మాట అటుంచి, హాల్‌కి స్టేజ్ ప్లాట్ (ఎవరు ఎక్కడ నిలబడతారో చూపే బొమ్మ), ఇన్‌పుట్ లిస్ట్ (మిక్సర్‌కి వెళ్లే మైకులు, వాయిద్యాల జాబితా) పంపారా? కిక్, స్నేర్, ఓవర్‌హెడ్ రెండు, బేస్ డీఐ, అకూస్టిక్ డీఐ, టెలికాస్టర్, స్టీల్, గొంతులు మూడు: 11 ఛానళ్లు. స్టీల్ కోసం సీటుతో కలిపి సుమారు మీటరు బై మీటరున్నర చదునైన చోటు గీసి చూపండి. రైజర్ (స్టేజ్ మీది ఎత్తైన అరుగు) అంచున పెడితే స్టీల్ కాలు ఊగి పెడల్ కడ్డీలు వంకరపడతాయి, శృతి నిలవదు. క్లిప్ చూసి వచ్చినవాళ్లకి స్టేజ్ మీద ఆ పెడళ్లు కనపడాలి, కాబట్టి మానిటర్ స్పీకర్‌ని (వాయించేవాళ్లకి వినిపించేది) స్టీల్‌కి సూటిగా ముందు కాకుండా పక్కన పెట్టించండి.

#27 తీగల_పెట్టె
ఇది మా ఆలోచనలో కూడా లేదు, నేల మీద మానిటర్ ఎప్పుడూ ఎదురుగానే పెట్టేవాళ్లం. టికెట్ పేజీలో టైమ్‌లు ఇప్పుడే మార్చేశాను, పాట కూడా జోడించాను. పాడే అమ్మాయికి రాశాం, ఒప్పుకుంది. ఆదివారం క్లిప్ తీస్తున్నాం. ఏ పాట తీయమంటారు, నెమ్మదిదా వేగందా?

#28 పెడల్‌స్టీల్_పక్షి
నెమ్మదిది. తీగ సాగడానికి చోటుండాలి. వేగం పాటలో పెడల్ దిగేలోపే కార్డ్ మారిపోతుంది.

#29 పాత_రికార్డులు
నేను ఒప్పుకోను. శుక్రవారం రాత్రి నిలబడే హాల్‌కి రమ్మని పిలుస్తూ నెమ్మది పాట చూపిస్తే కూర్చునే షో అనుకుంటారు. ముగ్గురూ కలిసి పాడే కోరస్ ఉన్న మధ్య రకం పాట తీయండి.

#30 కన్సోల్_వెనక
మైకులు ఎలాగూ పెడతారు కదా, రెండూ తీయండి. @తలుపు_దగ్గర చెప్పినట్టు చివరిదాకా దేన్ని చూశారో అదే తేలుస్తుంది. రెండిటికీ ముందు చప్పట మాత్రం మరిచిపోకండి.